సరిగా ఊదని సాయిబుగారు

మా ఇంట్లో నాకు 'రిటైర్డు మేడం' అని పేరు. ముప్పై నిండకముందే ఒక ఉద్యోగంలో చేరి, అందులో చూడాల్సింది చూసి, బయటికొచ్చి, ఇప్పుడు భవానీపురంలో మా మేడ మీద పిల్లలకి జీవశాస్త్రం చెప్పుకుంటున్నాను. పెన్షన్ లేదు కాని, పెన్షనర్లకి ఉండే చిరాకంతా ఉంది.

ఈమధ్య నా దగ్గర చదువుకున్న ఇద్దరమ్మాయిలు స్వీటు డబ్బా పట్టుకుని వచ్చారు. క్లినికల్ రీసెర్చ్ కోర్సులో చేరారట. మందులు మనుషుల మీద ఎలా పనిచేస్తున్నాయో పద్ధతిగా పరీక్షించి తేల్చే పని అది. "ఏసీ రూములో కూర్చుని చేసే పనంట మేడం. పేషెంట్లతో పెద్దగా మాట్లాడే పని కూడా ఉండదంట," అంది ఒకమ్మాయి సంబరంగా. నాకు ఎదురుగా మనిషి కూర్చుంటే మాట పెగలదు. స్వీటు తిని, "బాగా చదువుకోండమ్మా" అన్నాను. వాళ్ళు మెట్లు దిగాక చెప్పాల్సిందంతా గుర్తొచ్చింది. అలా ఆలస్యంగా గుర్తొచ్చే మాటల్ని డైరీలో రాసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఈసారి మాత్రం వాళ్ళు చదవడానికే రాస్తున్నాను.

నేను చేరింది విజయవాడలో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో, రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకి. హోదా కోఆర్డినేటర్. అంటే డాక్టరుకి, మందుల కంపెనీకి, పేషెంటుకి మధ్యలో నిలబడి ముగ్గురి చేతా మాటలు పడే మనిషి. నాకు ముందు ఆ కుర్చీలో ఉన్నావిడ వెళ్తూ వెళ్తూ, "ఎవరేమన్నా ఊఁ అను, హాయిగా ఉంటావ్" అని చెప్పింది. అదేమీ కష్టం కాదనుకున్నాను. అప్పటికే నా జీవితంలో ఎక్కువ భాగం ఊఁ అంటూనే గడిచింది. డ్రాయరులో ఒక నవల పెట్టుకుని, ఖాళీ దొరికితే ఫైలు చాటున చదువుకునేదాన్ని. అంతకంటే ఆశలు లేవు.

మాకు వచ్చిన మొదటి పెద్ద పని అవయవ మార్పిడి మందుది. వేరొకరి అవయవం పెట్టించుకున్న మనిషి జీవితాంతం ఒక మాత్ర మింగుతూ ఉండాలి. లేకపోతే ఒళ్ళు ఆ అవయవాన్ని పరాయిదని గుర్తుపట్టి తోసేస్తుంది. అప్పటిదాకా ఆ మాత్ర బయటి దేశాల నుంచి వచ్చేది. మన కంపెనీ ఒకటి దాన్ని ఇక్కడే తయారుచేసి, పాత మాత్ర మానేసి కొత్తది వేసుకున్నవాళ్ళ ఆరోగ్యం ఎలా ఉంటుందో చూడాలనుకుంది. మంచి ఆలోచనే. నేను వెక్కిరించబోయేది ఆ ఆలోచనని కాదు.

మా ఆస్పత్రిలో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళకి కొదవ లేదు. కాని కంపెనీ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది కిడ్నీల కోసం కాదు. మా ఆస్పత్రి వార్షికోత్సవానికి నున్నటి కాయితం మీద ఒక పుస్తకం వేశారు. అందులో, 'ఊపిరితిత్తి మార్పిడి చేయించుకున్నవారు మా పర్యవేక్షణలో సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నారు' అని ఒక వాక్యం ఉంది. ఎవరో దాన్ని ఇంగ్లీషులోకి మార్చి కంపెనీకి పంపారు. తెలుగులో 'వారు' అంటే ఒక పెద్దమనిషి కావచ్చు, ఊరంతా కావచ్చు. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ఊరంతా అయింది. దేశంలోనే అలాంటి ఆపరేషన్లు అరుదుగా జరిగే రోజులవి. కంపెనీ వాళ్ళు పరుగున వచ్చారు.

వచ్చినవాడు హైదరాబాదు కుర్రాడు. మెడకి టై, చేతిలో లాప్‌టాప్. కిడ్నీ పేషెంట్లందరినీ చూశాక, ఊపిరితిత్తి పేషెంటుని కూడా చూసి, మా పెద్ద డాక్టరుగారి గదిలో కూర్చుని అడిగాడు.

"లంగ్ గ్రూపులో మిగతావాళ్ళు ఎప్పుడొస్తారు సార్?"

"మిగతావాళ్ళెవరు?" అన్నారు డాక్టరుగారు.

"'ఉన్నారు' అని రాశారు కద సార్."

"ఉన్నారు కదయ్యా. ఇందాక చూశావుగా, ఆయనే."

"ఆయన ఒక్కడే కద సార్."

"ఒక్కడేంటయ్యా? వయసులో పెద్దాయన, ఆటోనగర్‌లో పేరున్న వ్యాపారి. 'ఉన్నాడు' అని రాయమంటావా?"

కుర్రాడు బయటికి వెళ్ళి ఫోనులో చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చేసరికి మొహంలో వెలుగొచ్చింది. ఒక్కరున్నా గ్రూపు గ్రూపేనట. పైవాళ్ళు ఒప్పుకున్నారట. అందులో ఉన్న సుఖం నాకు తర్వాత అర్థమైంది. గ్రూపులో ఒక్కరే ఉంటే, ఆయన బాగున్నంతకాలం ఫలితం నూటికి నూరు. ఎవరు అడిగినా ధైర్యంగా చెప్పుకోవచ్చు. ఆయనకి బాగోలేకపోతే మాత్రం నూటికి సున్నా. మధ్యలో చెప్పుకోవడానికి ఇంకో అంకె లేదు.

ఆ నూటికి నూరు మనిషినే మేమందరం సాయిబుగారు అనేవాళ్ళం. లారీల విడిభాగాలు అమ్మే కొట్టు ఆయనది. రెండు ఊపిరితిత్తులూ గట్టిపడిపోయి, నాలుగడుగులు వెయ్యలేని స్థితిలో చెన్నై వెళ్ళి, ఒక ఊపిరితిత్తి మార్పించుకుని, నడుచుకుంటూ తిరిగొచ్చారు. ఎవరో కుర్రాడు ప్రమాదంలో పోతే వాళ్ళవాళ్ళు ఇచ్చిన ఊపిరితిత్తి అది. ఆయన దాన్ని 'మెహమాన్' అనేవారు. అంటే ఇంటికొచ్చిన అతిథి.

"ఎలా ఉన్నారండీ?" అని అడిగితే, "నాదేముంది బేటీ, మెహమాన్ ఎలా ఉన్నాడో అడుగు. పొద్దున్నే మా ఆవిడ పాయ వండింది. నాకు తెలీకుండా రెండో గిన్నె ఆయనే తాగేశాడు," అనేవారు. పక్కనే ఉన్న ఆయన భార్య, "మెహమాన్‌కి పళ్ళు కూడా ఈయనవే," అనేది.

చెన్నై డాక్టర్లు ఆయనకి ఒకే ఒక్క హెచ్చరిక చేసి పంపారు. నెలనెలా ఊపిరి పరీక్ష చేయించుకోవాలి. అంకె తగ్గిందంటే ఆలోచించకుండా రైలెక్కాలి. ముందుగా పట్టుకుంటే ఆపగలం, ఆలస్యమైతే పోయిన ఊపిరి వెనక్కి రాదు అన్నారు. ఈ మాట సాయిబుగారు మా అందరికీ చెప్పారు. మా డాక్టరుగారికి రెండుసార్లు చెప్పారు.

పరీక్ష కష్టమైంది కాదు. ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి, ఒక గొట్టంలోకి ఒక్క ఉదుటున ఊదాలి. మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందో యంత్రం చూపిస్తుంది. ఒక మెలిక ఉంది. ఊపిరితిత్తి పాడైనా అంకె తగ్గుతుంది, మనిషి బద్ధకంగా ఊదినా తగ్గుతుంది. ఏది ఏదో తెలుసుకోవడానికి యంత్రం ఒక గీత గీస్తుంది. గట్టిగా ఊదితే గీత కొండకొమ్ములా నిటారుగా లేస్తుంది. బద్ధకంగా ఊదితే ఇసకతిన్నెలా ఉంటుంది. ఇది రహస్యమేమీ కాదు. ఛాతీ డాక్టరు చదువులో మొదట్లోనే వస్తుంది.

పరీక్ష చేసే టెక్నీషియన్ ఇబ్రహీంపట్నం నుంచి వచ్చేవాడు. ఆస్పత్రిలో చేరకముందు అక్కడి రింగు సెంటర్లో ప్రైవేటు బస్సులకి జనాన్ని పిలిచేవాడట. ఆ గొంతు అలాగే ఉంది. "ఊదండూదండూదండి! ఇంకా ఇంకా ఇంకా! ఆపొద్దాపొద్దు!" అని అతను అరుస్తుంటే కింద మందుల కొట్టులో ఉన్నవాళ్ళకి కూడా దగ్గొచ్చేది. "నా గొంతుకి శవమైనా లేచి ఊదాల్సిందే మేడం," అని చెప్పుకునేవాడు. మనిషి మంచివాడే. అరిస్తే పనవుతుందని బస్సుల దగ్గర నేర్చుకున్నాడు, ఇంకెవరూ ఇంకోటి నేర్పలేదు.

కొత్త మాత్ర మొదలుపెట్టిన కొద్ది నెలలకి సాయిబుగారి అంకె తగ్గింది.

టెక్నీషియన్ మళ్ళీ ఊదించాడు. ఇంకా తగ్గింది. డాక్టరుగారు వచ్చి అంకె చూశారు, గీత చూడలేదు. "సరిగా ఊదలేదండీ సాయిబుగారూ," అన్నారు నవ్వుతూ. "వచ్చే నెల బాగా ఊదుదురుగాని." పక్కన అదే మాట రాయించారు. సరిగా ఊదని పరీక్ష లెక్కలోకి రాదని కంపెనీ నియమం. లెక్కలోకి రాకపోతే ఖాళీ ఉంటుంది కదా, ఖాళీ ఉంటే బాగుండదు కదా, అందుకని పోయినసారి వచ్చిన మంచి అంకెనే ముందుకు తీసుకెళ్ళాలి. ఇదీ నియమమే. అలా నెలనెలా మనిషి వెనక్కి వెళ్తున్నాడు, అంకె ముందుకు వెళ్తోంది.

నేను చెప్పకపోలేదు. గీత ఉన్న కాయితం పట్టుకుని డాక్టరుగారి గదికి వెళ్ళాను. "సార్, గీత నిటారుగానే ఉందండీ. చెన్నై వాళ్ళకి ఒకసారి..." అన్నాను.

"ఏంటమ్మా? గట్టిగా చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"చూడమ్మా. ఆయన మనిషి లావు. భోజనప్రియుడు. ఊదడానికి బద్ధకం. ఇరవై ఏళ్ళ నుంచి చూస్తున్నా నేను ఇలాంటివాళ్ళని. చెన్నై వాళ్ళని ఇప్పుడు మధ్యలోకి తెస్తే, 'మీరు మాత్ర ఎందుకు మార్చారు, ఎవర్నడిగి మార్చారు' అని వాళ్ళొక పాట మొదలుపెడతారు. అవసరమా?"

ఆయన చెడ్డ డాక్టరు కాదు. న్యుమోనియాతో మూలుగుతూ వచ్చిన ముసలమ్మని ఆయన దగ్గరుండి బతికించడం నేను కళ్ళారా చూశాను. ఆ ముసలమ్మ ఆయన సభల్లో తెర మీద చూపించే స్లైడులో లేదు. స్లైడులోకి ఎక్కిన మనిషి ఆయనకి ఇక మనిషిలా కనబడేవాడు కాదు, అంతే.

కంపెనీ కుర్రాడు వచ్చినప్పుడు అతనికీ చెప్పాను. "రైట్ మేడం, మీ అబ్జర్వేషన్ బాగుంది," అన్నాడు. ఆ మాట వాళ్ళకి ట్రైనింగులో నేర్పుతారు. దాని తర్వాత ఇంకేమీ ఉండదు.

ఇక సాయిబుగారికి ఊదడం నేర్పే ఉద్యమం మొదలైంది. డాక్టరుగారు గాలిబుడగలు ఊదమన్నారు. ఆటోనగర్ కొట్టులో గేరుబాక్సుల మధ్య కూర్చుని ఆయన ఎర్ర బుడగలు, పచ్చ బుడగలు ఊదుతుంటే పనివాళ్ళు చుట్టూ చేరి, "ఊదండి భాయ్, ఊదండి!" అని అరిచేవారట. గుణదలలో ఉండే మా నర్సు సిస్టరు, మేరీమాత తిరనాళ్ళలో మిగిలిన కొవ్వొత్తులు ఒక కట్ట తెచ్చిచ్చింది. "దూరం నుంచి ఊది ఆర్పండి, బలమొస్తుంది," అంది. ఆయన కళ్ళు పెద్దవి చేశారు.

"మరియమ్మ కొవ్వొత్తిని ఊది ఆర్పమంటావా సిస్టర్? మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానిస్తదా?"

"ఏం కాదండీ, ఇవి వెలిగించనివే."

"నేను వెలిగించాక మరియమ్మదే కదమ్మా. వద్దు. బుడగలే ఊదుకుంటా. బుడగలకి దేవుడు లేడు."

అందరం నవ్వాం. నవ్వుతూ ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కున్నారు. అది చూసి కూడా సిస్టరు, "చూశారా, ప్రాక్టీసు లేకే," అంది.

ఆ రోజు వరండాలో ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది.

"తల్లీ, ఆయన మేడ ఎక్కడం మానేశాడు. కిందే పడక, కిందే నమాజు. స్నానం చేసి వచ్చి మంచమ్మీద కూర్చుంటే ఒళ్ళు తుడుచుకునే ఓపిక ఉండట్లేదు. డాక్టరుగారికి చెబితే ఊదడం ప్రాక్టీసు చెయ్యమంటారు."

"చెన్నై తీసుకెళ్ళండమ్మా," అన్నాను.

"నేను అనట్లేదనుకున్నావా? రానంటున్నాడు. 'అక్కడ కూడా సరిగా ఊదలేకపోతే ఏం మొహం పెట్టుకుని నిలబడను? వాళ్ళు నాకు ఇంకొకరి ఊపిరి తెచ్చి పెడితే, దాన్ని ఊదడం చేతకానోడిలా వెళ్ళి కూర్చోనా?' అంటున్నాడు. సిగ్గమ్మా ఆయనకి. ఇంత వ్యాపారం చేసినోడు, పిల్లోడిలాగా సిగ్గుపడుతున్నాడు."

"మీరు బాగానే ఊదుతున్నారని నేను చెబుతానండీ ఆయనకి."

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "నీ మాట ఎట్టా వింటాడమ్మా? పెద్ద డాక్టరు కాదని చెప్తుంటే."

అయినా చెప్పాను. సాయిబుగారు నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు మంచిదానివి బేటీ, మనసు కష్టపెట్టకూడదని చెప్తున్నావు," అన్నారు. మెల్లగా మాట్లాడేవాళ్ళకి ఈ లోకంలో దక్కే బిరుదు అదొక్కటే, మంచిది.

అసలు పాపం ఎక్కడుందో నాకు అప్పుడు తెలిసింది. ఊపిరితిత్తి పాడవడం మందు వల్ల కావచ్చు, దేవుడి వల్ల కావచ్చు. కాని ఆ మనిషి చెన్నై రైలెక్కకుండా ఆపింది మాత్రం మా గదిలో పుట్టిన రెండు మాటలు. సరిగా ఊదలేదు.

తర్వాత కొద్దిరోజులకే బందరు రోడ్డు మీద ఒక హోటల్లో ఛాతీ డాక్టర్ల సభ పెట్టారు. ఖర్చు కంపెనీది. మా డాక్టరుగారు తన ఫలితాలు చెప్పి, చివర్లో సాయిబుగారిని వేదిక మీదకి పిలిచి, అందరి ముందూ ఊదించి, తెర మీద అంకె చూపిస్తామని ప్రకటించారు. ఇది ఎవరి బుర్రలో పుట్టిందో నాకు తెలియదు. తగ్గుతున్న అంకె సంగతి ఆయన నిజంగానే మరిచిపోయారని నా అనుమానం. ముందుకి మోసుకొచ్చిన అంకెని అన్ని స్లైడుల్లో చూసీ చూసీ, అదే అసలుదని నమ్మేశారు.

సాయిబుగారు తెల్లటి షేర్వానీలో వచ్చారు. అత్తరు పూసుకున్నారు. కారు దిగి హాలుదాకా రావడానికి రెండుచోట్ల ఆగారు. మెట్ల దగ్గర, "అజీ, మెల్లగా," అని ఆవిడ చెయ్యందించింది. యంత్రం మోసుకురావడం టెక్నీషియన్ పని, మైకు పట్టుకోవడం నా పని. ఆ పని ఎవరూ నాకు ఇవ్వలేదు. స్టాండు విరిగిపోయిందని నిర్వాహకుడు మైకు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

డాక్టరుగారు తెర మీద 'నూటికి నూరు' అని పచ్చరంగులో చూపించారు. చప్పట్లు. "ఇప్పుడు స్వయంగా చూడండి," అన్నారు.

టెక్నీషియన్ బస్టాండంత గొంతుతో అరిచాడు. సాయిబుగారు ఊదారు. తెర మీద గీత గోడంత పెద్దగా లేచింది. నిటారుగా లేచి, పొట్టిగా ఆగి, లోపలికి గుంటపడినట్టు జారిపోయింది. హాలు నిండా ఛాతీ డాక్టర్లే. ముందు వరసలో ఇద్దరు తెర వైపు చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్వాత భోజనాల గది వైపు చూశారు. అక్కడ మూతలు తీస్తున్న చప్పుడు వినబడుతోంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ మౌనాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. మా డాక్టరుగారికి కనీసం స్లైడు పిచ్చి ఉంది. వాళ్ళకి బిర్యానీ తప్ప ఏ పిచ్చీ లేదు.

"సాయిబుగారికి సభ చూసి భయం పట్టుకుంది," అన్నారు డాక్టరుగారు. "సరిగా ఊదలేదు. ఇంకోసారి!"

హాలంతా నవ్వింది. రెండోసారి ఊదారు. ఇంకా తగ్గింది. మూడోసారికి పెదాల రంగు మారింది. షేర్వానీ గుండీ విప్పుకుంటూ, ఆయన గొట్టం కిందపెట్టి, నా వైపు తిరిగి, చిన్నగా అన్నారు.

"సారీ బేటీ. నాకు చేతకావట్లేదు."

ఊపిరి అందని మనిషి, ఊపిరి ఖర్చుపెట్టి, మాకు సారీ చెప్పాడు. నేనేమీ ఆలోచించలేదు. ధైర్యం తెచ్చుకోలేదు కూడా. ఆయనకి మాత్రమే వినబడేలా, నా మామూలు గొంతుతో, "సరిగానే ఊదారండీ. మూడుసార్లూ సరిగానే ఊదారు," అన్నాను. చేతిలో మైకు ఉందన్న సంగతి మర్చిపోయాను.

నా గొంతు నాలుగు గోడలకీ తగిలి తిరిగొచ్చింది. అంత పెద్దగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇక్కడ చదివేవాళ్ళు ఏమి ఆశిస్తారో నాకు తెలుసు. సభ నిశ్శబ్దమైపోయిందనీ, పెద్దలు తలలు దించుకున్నారనీ. నేను చదువుకున్న నవలల్లో అలాగే జరిగేది. ఇక్కడ డాక్టరుగారు ఒక్క క్షణం తడబడి, వెంటనే చేతులు పైకెత్తి, "విన్నారుగా! సరిగానే ఊదారు!" అని చప్పట్లు కొట్టారు. హాలంతా కొట్టింది. టెక్నీషియన్ "శభాష్!" అని అరిచాడు. ఎవరో శాలువా తెచ్చి సాయిబుగారి భుజాల మీద కప్పారు. గాలాడని మనిషికి ఇంకో గుడ్డ కప్పి ఫొటో తీశారు. తర్వాత అందరూ భోజనానికి లేచారు.

విన్నవాడు ఒక్కడే ఉన్నాడు. వేదిక వెనక కుర్చీలో కూర్చుని, ఊపిరి కాస్త సర్దుకున్నాక, సాయిబుగారు నన్ను దగ్గరికి పిలిచారు.

"బేటీ, అంతమందిలో మైకులో అన్నావు. మనసు కష్టపెట్టకూడదని అన్నావా, నిజంగా అన్నావా?"

"నిజంగానే అన్నానండీ."

"మొదటి నుంచీ సరిగానే ఊదుతున్నానా?"

"మొదటి నుంచీనండీ."

"మరి గాలి రాదేం?"

ఆయన తన ఛాతీ వైపు చూసుకున్నారు. చెయ్యి మెల్లగా అక్కడ ఆనించుకున్నారు, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు.

"తప్పు నాది కాదన్నమాట," అన్నారు. ఇంకాసేపటికి, "అయ్యో మెహమాన్," అన్నారు. భార్య వైపు తిరిగి, "ఇంటికి కాదు. బట్టలు తర్వాత ఎవరితోనైనా తెప్పించుకుందాం. స్టేషనుకి పద," అన్నారు.

డాక్టరుగారు చేతిలో ప్లేటుతో ఎదురొచ్చారు. "అదేంటండీ, భోజనం చెయ్యకుండా వెళ్ళడమేంటి? గ్రూపు ఫొటో ఉంది."

"ఇంటికొచ్చినాయనకి ఒంట్లో బాగోలేదు డాక్టరుగారూ," అన్నారు సాయిబుగారు, శాలువా మడిచి పక్క కుర్చీ మీద పెడుతూ. "ఇన్నాళ్ళూ ఆయన్ని వదిలేసి నన్ను తిట్టుకుంటూ కూర్చున్నా. చూపించుకొస్తా."

ఆయన వెళ్ళాక మా కాయితాల్లో, 'తనంతట తానే తప్పుకున్నారు' అని రాశారు. గ్రూపు ఖాళీ అయింది. అయితే లెక్కలోకి వచ్చిన ఆఖరి అంకె మంచిదే కనక, నూటికి నూరు అలాగే ఉండిపోయింది. మనిషి లేకపోవడం వల్ల ఆ ఫలితం ఇంకా నిలకడగా తయారైందని కంపెనీ కుర్రాడు సంతోషించాడు. సభలో మైకు విషయంలో మాత్రం డాక్టరుగారు నన్ను మెచ్చుకున్నారు. పేషెంటుకి ధైర్యం చెప్పడం కోఆర్డినేటర్‌కి ఉండాల్సిన లక్షణమట.

కోర్సులో చేరిన అమ్మాయిలూ, ఏసీ గది మాట నిజమే. చల్లగానే ఉంటుంది. కంప్యూటరూ ఉంటుంది. మీరు నేర్చుకోబోయే పెద్ద పెద్ద మాటల్లో చాలావాటికి అర్థం, తప్పు పేషెంటుది అని. అవి విన్నప్పుడల్లా పేషెంటు మొహం చూడండి. ఇంతకంటే సలహా ఇచ్చే అర్హత నాకు లేదు.

చెన్నై నుంచి ఫోను రెండు వారాలకి వచ్చింది. నా బల్ల మీది ఫోనుకే చేశారు. అప్పుడు డాక్టరుగారు నా ఎదురుగా నిలబడి సంతకాలు పెడుతున్నారు.

"బేటీ, నేనే," అన్నారు సాయిబుగారు. మాటకీ మాటకీ మధ్య గాలి పీల్చుకుంటున్నారు. "పాత మాత్ర మళ్ళీ మొదలుపెట్టారు. ఇక్కడ డాక్టరమ్మ అంది, మాత్ర మంచిదే అయ్యుండొచ్చంట. రక్తంలో మందు సరిపోయిందా లేదా అని మీవాళ్ళు కిడ్నీ కొలతతో చూశారంట. ఊపిరితిత్తికి ఇంకా ఎక్కువ కావాలంట. పోయిన ఊపిరి రాదంది. ఉన్నది నిలుపుకోవచ్చంది. మేడ ఎక్కలేను గాని, కొట్టుకి వెళ్ళొచ్చంది."

"మంచిదండీ," అన్నాను.

"ఇంకో మాట. ఇక్కడా ఊదాను బేటీ. ఎవరూ అరవలేదు. ఒకమ్మాయి పక్కన కూర్చుని, 'ఊదండి' అంది. అంతే. అంకె చూస్తే, మీ దగ్గర వచ్చిందే వచ్చింది."

డాక్టరుగారు సంతకం ఆపి తలెత్తారు. "సాయిబుగారా? ఏమంటున్నారు?"

"చెన్నైలో ఊదారటండీ. సరిగానే ఊదారటండీ," అన్నాను.

ఆయన మొహం విప్పారింది. "మరి! నేర్చుకున్నది మన దగ్గరే కదా," అన్నారు.

ఆ మాట ఫోనులోకి వెళ్ళింది. అవతల సాయిబుగారు నవ్వడం మొదలుపెట్టారు. ఊపిరి అందక ఆగారు. పక్కనుంచి వాళ్ళావిడ ఏదో కోప్పడింది. కాస్త గాలి పోగుచేసుకుని మళ్ళీ నవ్వారు. డాక్టరుగారు మిగతా సంతకాలు పెట్టి వెళ్ళిపోయారు. నేను ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, ఆ నవ్వు పూర్తయ్యేదాకా అలాగే కూర్చున్నాను.